మూరెడు లోతున దుంపలు

ఏప్రిల్‌లో మా కొండను చూసినవాడెవడైనా అది చచ్చిందనే అనుకుంటాడు. తెలివితక్కువవాడైతే కొనుక్కుంటాడు కూడా. ఆ ఏడాది అలా కొనుక్కున్నవాళ్ళలో మా తమ్ముడు విల్బెర్ ఒకడు.

ఆ ఘనకార్యం సంగతి వాడు భోజనాల దగ్గర బయటపెట్టాడు. మా రెండు గదుల్లో ఏడుగురం ఒకేసారి తినాలంటే ఇద్దరైనా నిలబడాలి. పిల్లలు ముగ్గురూ మంచం మీద, మరదలు మారిబెల్ నీళ్ళ డ్రమ్ముకు ఆనుకుని పీట మీద, అమ్మ పొయ్యి దగ్గర, నేను గుమ్మంలో. మారిబెల్‌కి అప్పుడు అయిదో నెల. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్న సామెత మా తమ్ముణ్ణి చూశాకే పుట్టి ఉంటుంది.

"పైన స్థలం కొన్నానమ్మా" అన్నాడు, ఉడికిన బంగాళదుంప తొక్క తీస్తూ. "మూల స్థలం. గాలీ వెలుతురూ బాగుంటుంది."

"పైనంటే?"

"పైనే. కొండ మీద."

అమ్మ గరిటె కింద పెట్టింది. "ఎవడమ్మాడు?"

"దోన్ అపారిసియో."

"వాడి బాబు సొమ్మా కొండ?"

కాదు. ఎవడి బాబు సొమ్మూ కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తాడంటారు. అపారిసియో దానం కూడా చెయ్యడు, అమ్ముతాడు. సంచీడు సున్నం, ఒక విజిల్, చంకలో ఒక నోటు పుస్తకం, అదీ వాడి పెట్టుబడి. సున్నంతో నేల మీద గీతలు గీసి, ఆ గీతల మధ్య జాగా నీదే పో అంటాడు. పర్వతాల నుంచి నిన్నగాక మొన్న బస్సు దిగినవాళ్ళూ, మా కింది వీధుల్లోనే పుట్టి పెళ్ళాం పిల్లలతో అమ్మానాన్నల ఇళ్ళల్లో ఇరుక్కున్నవాళ్ళూ వాణ్ణి "దోన్, దోన్" అని గౌరవిస్తూ వెనకాల తోకల్లా తిరుగుతారు.

"అక్కడ ఏముందమ్మా? మట్టీ రాళ్ళూ. ఒక్క గడ్డిపోచ లేదు. నేను కళ్ళారా చూశాను" అన్నాడు విల్బెర్.

"కళ్ళారా చూశాడట!" అన్నాను నేను. "ఈ కొండ కిందే పుట్టి ముప్పై ఏళ్ళు మేశావు కదరా. మంచు ఎప్పుడు దిగుతుందో, పువ్వు ఎప్పుడు లేస్తుందో నీకు తెలీదూ?"

"పువ్వులు వండుకు తింటామా అక్కా? నువ్వు ఒంటిదానివి, నీకు పువ్వులు చాలు. నాకు పుట్టబోయేదాంతో నలుగురు పిల్లలు."

చేతిలో గిన్నె వాడి నెత్తిన విసరాలనిపించింది. విసరడానికి చెయ్యి వెనక్కి తియ్యాలిగా, అంత చోటు కూడా లేదు.

"ఆ గీతల్లో నేను కాలు పెట్టను" అంది అమ్మ. "నేను చస్తే నా శవాన్ని కూడా అటు మోసుకెళ్ళకండి."

అమ్మా నేనూ కొండ కాపలా సంఘంలో ఉండేవాళ్ళం. ఆకుపచ్చ కోటు తొడుక్కుని, ఆదివారాలు నగరం నుంచి వచ్చే జనాన్ని బాట తప్పకుండా తిప్పడం మా పని. ఆ వచ్చేవాళ్ళ మీద కూడా నాకేమీ గౌరవం లేదు. పసుపుపచ్చ అమంకాయ్ పువ్వు పక్కన పడుకుని ఫొటోలు దిగి, "అబ్బ, లీమాలోనే ఇంత అందం ఉందా!" అని ముక్కున వేలేసుకుని, బూట్లు దులుపుకుని పోతారు. అమ్మ అలా కాదు. ఏ బండ పక్కన ఆ పువ్వు దుంపలు ఎన్ని నిద్రపోతున్నాయో ఎండాకాలంలో కూడా కళ్ళు మూసుకుని చెప్పగలదు. పండక్కి పువ్వులు కోసుకుపోయి అమ్ముకునేవాళ్ళను రాళ్ళు పెట్టి కొట్టిన మనిషి. యుద్ధం రోజుల్లో పర్వతాల్లోని అయకూచో నుంచి తను కూడా గుడిసెకని రెల్లు చాపలు చుట్టుకునే ఈ కొండ కిందికి వచ్చిందనే సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పైన స్థలం నిలుపుకోవాలంటే ఒక నియమం ఉంది. అక్కడ మనిషి కాపురం ఉండాలి. ఆదివారం అపారిసియో విజిల్ ఊది పేర్లు పిలుస్తాడు. రెండు వారాలు పలక్కపోతే ఆ స్థలం ఇంకొకరికి పోతుంది. అందుకని జనం నానా వేషాలూ వేసేవాళ్ళు. ఒకడు గుడిసెలో రేడియో పెట్టి, బయట చెప్పులు వదిలి పనికి పోయేవాడు. ఇంకొకడు నడవలేని అత్తగారిని మోసుకొచ్చి కూర్చోబెట్టాడు. మా వాడు మోటార్ రిక్షా తోలతాడు గనక పగలు ఉండలేడు. కాబట్టి మారిబెల్ పొట్ట పట్టుకుని, చిన్నదాన్ని వీపున కట్టుకుని, రోజూ ఆ ఎత్తు ఎక్కేది. సాయంత్రం దిగొచ్చి వాంతులు చేసుకునేది. మొగుడు రాజ్యం ఏలడానికి పెళ్ళాం కొండలెక్కింది.

జూన్ మొదటి వారంలో సముద్రం మీంచి మంచు వచ్చింది. మా ఊళ్ళో దాన్ని వాన అనడానికి లేదు, కాదనడానికీ లేదు. ఒంటి మీద బట్ట బరువెక్కేదాకా తడిసినట్టు తెలియదు. పది రోజులకు కొండ పడమటి వైపు పచ్చబడింది. ఆ తర్వాత పువ్వు లేచింది. గుడిసెల మధ్య లేచింది, గుడిసెల్లోనూ లేచింది.

నేను జన్మలో అంత నవ్వలేదు. ఒకడి మంచం కింద నుంచి మూడు. ఒకావిడ పొయ్యిరాళ్ళ సందులోంచి ఒకటి. "కార్యాలయం" అని బోర్డు పెట్టుకున్న అపారిసియో గుడిసె గుమ్మంలో అయితే గుత్తిగా నాలుగు, ద్వారపాలకుల్లాగా. వాళ్ళు కత్తులతో కోశారు. నాలుగు రోజుల్లో మళ్ళీ ఆకు వచ్చింది. ఉప్పు చల్లారు. సున్నం పోశారు. తాగడానికి నీళ్ళు ట్యాంకర్ వాడి దగ్గర కొనుక్కుని, భుజాల మీద పైకి మోసుకునేవాళ్ళు, ఆ నీళ్ళే కాచి పువ్వుల మీద పోశారు! దుంప మూరెడు లోతున రాళ్ళ మధ్య హాయిగా ఉంటుందనీ, పైన ఎంత గీకినా దానికి దున్నపోతు మీద వాన కురిసినట్టేననీ ఆ బుద్ధిహీనులకు తెలియదు. అమ్మకు తెలుసు, నాకు తెలుసు. మేము చెప్పలేదు.

"అక్కా, ఆ పువ్వు ఎలా పోతుందే?" అని అడిగాడు విల్బెర్ ఒకరోజు, నా ముందు చేతులు కట్టుకుని.

"దాన్నెందుకురా పొమ్మంటావు? అది నీకన్నా ముందొచ్చింది. నువ్వే పో."

"ఎక్కడికి పోను? చెప్పు. ఎక్కడికి పొమ్మంటావో చెప్పు."

అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం నా పని కాదనుకున్నాను.

వాడి భయం పువ్వుకు కాదు. పచ్చదనం ఉన్నంత మేరా కొండ రక్షణలో ఉంటుందని చట్టం. అక్కడ గుడిసె కనిపిస్తే పీకేస్తారు. పచ్చదనం లేకపోతే అది ఉత్త మట్టి, ఉత్త మట్టి ఎవడికీ పట్టదు. మా సంఘం పెట్టిన అర్జీ మీద తనిఖీకి ఇంజనీరమ్మ గురువారం వస్తుందని కబురొచ్చింది. ఆవిడ నిజంగా ఇంజనీరో కాదో నాకు తెలియదు. మా కొండ మీద బూటుకు మట్టి అంటని మనిషి ఎవరైనా ఇంజనీరే.

మంగళవారం మారిబెల్ జారి పడింది. గడ్డి గీకేసిన చోట తడి మట్టి సబ్బులా ఉంటుంది. గునపం పట్టుకుని పువ్వులు గీకుతూ గుడిసె ముందు నుంచి కింది బండ దాకా దొర్లిందట. ఇద్దరు మగాళ్ళు దుప్పట్లో మోసుకొచ్చారు. రక్తం కనపడింది. మంత్రసాని చెయ్యి పెట్టి చూసి, బిడ్డ ఉందంది, కదలకుండా పడుకోబెట్టమంది. పడుకోబెట్టడమంటే మాటలా? మారిబెల్‌కి మంచం, పిల్లలకు నేల, విల్బెర్‌కి గుమ్మం, నాకు నీళ్ళ డ్రమ్ముల మధ్య సందు. నేను మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని అందర్నీ పేరుపేరునా అసహ్యించుకున్నాను.

"అత్తా" అంది మారిబెల్, పైకప్పు రేకు వంక చూస్తూ. "గురువారం వాళ్ళు వచ్చేసరికి పువ్వుంటే పీకేస్తారు. ఆదివారం పేరు పిలిస్తే పలికేవాళ్ళు లేకపోయినా పోతుంది. ఎలాగైనా పోతుంది. ఇంత కష్టం..."

"నోరు మూసుకుని పడుకో" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆకుపచ్చ కోటు తొడుక్కోలేదు. పెద్ద గడ్డపలుగు తీసుకుంది, ఖాళీ గోనెసంచీ తీసుకుంది, కోకా ఆకు గుప్పెడు దవడన పెట్టుకుని పైకి బయల్దేరింది. కొడుకు గుడిసె తన చేత్తోనే పీకెయ్యడానికి వెళ్తోందనుకున్నాను. చెప్పడానికేముంది, సంతోషించాను. పిల్లలకు కినువా గంజి పోసి, చూసి ఆనందిద్దామని నేనూ ఎక్కాను.

విల్బెర్ గుడిసె గుట్ట మలుపులో ఉంది. దానికి ఇవతల పడమటి వాలు, గుడిసెలూ పువ్వులూ కలిసి కిక్కిరిసిన వాలు. అవతల తూర్పు వాలు. అటు మంచు ఆలస్యంగా చేరుతుంది, పువ్వు నెల తర్వాత గానీ రాదు. అందువల్ల అటు ఇంకా ఉత్త గోధుమరంగు మన్నే, అపారిసియో కూడా అటు గీతలు గియ్యలేదు.

అమ్మ గుడిసెలో పరుపు చుట్టి పక్కన పెట్టింది. పలుగు నిటారుగా దింపుతోంది, తిప్పుతోంది, మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి మోచేతి దాకా పోనిచ్చి ఉల్లిగడ్డంత దుంపను బయటికి లాగుతోంది. వెతకడం లేదు. ఎక్కడ గుచ్చాలో తెలిసిన చెయ్యి అది.

"అమ్మా!"

"వచ్చావా. ఆ సంచీ ఇటు తే."

"ఏం చేస్తున్నావు?"

"కనపడ్డం లేదూ? ఇల్లు చిమ్ముతున్నా."

"నీకు సిగ్గు లేదూ?"

"ఉంది. సంచీ పట్టుకో."

పట్టుకున్నాను. మధ్యాహ్నానికి ఆ సున్నపు గీతల్లో ఒక్క దుంప మిగల్లేదు. అమ్మ సంచీ భుజాన వేసుకుని మలుపు దాటి తూర్పు వాలులోకి దిగింది. మనిషి వాసన లేని చోటు చూసి, ఒక్కొక్క దుంపకూ మూరెడు గొయ్యి తీసి పూడ్చింది. తొందరపడలేదు. నేను ఒక బండ మీద కూర్చుని చూశాను.

"బతుకుతాయా?" అన్నాను.

"కొన్ని" అంది. చేతులు దులుపుకుని, మళ్ళీ గుడిసెకే వెళ్ళింది.

గురువారం ఇంజనీరమ్మ ఇద్దరు పోలీసుల్నీ, రంగు డబ్బా పట్టుకున్న మనిషినీ వెంటబెట్టుకుని వచ్చింది. సంఘం తరఫున దారి చూపించడానికి ఆకుపచ్చ కోటులో నేను. ఆవిడకి ఎక్కడం అలవాటు లేదు. పది అడుగులకోసారి ఆగి, వగరుస్తూ, "జనానికి కొంచెం అవగాహన ఉండాలమ్మా" అనేది. వాళ్ళకు లేనిది అవగాహన కాదు, గది. ఆ ముక్క చెప్పినా కాగితంలో రాసుకోవడానికి ఆవిడకు గడి ఉండదు.

పడమటి వాలులో పువ్వున్న ప్రతి గుడిసె మీదా ఎర్ర గుర్తు వేయించింది. ఆడవాళ్ళు ఏడ్చారు. ఒకడు పువ్వు మీద బిందె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పోలీసు లేవమంటే లేవడు. చివరికి బిందె తీస్తే పువ్వు వంగిపోయి ఉంది గానీ పువ్వే. అపారిసియో ఆ రోజు కొండ మీద లేడు. అలాంటి రోజుల్లో వాడికి ఎప్పుడూ కింద పనులుంటాయి.

ఆఖరికి మలుపు దగ్గరికి వచ్చాం. గుడిసెలో అమ్మ స్టూలు మీద కూర్చుని బంగాళదుంపలు తరుగుతోంది. తల ఎత్తలేదు. ఇంజనీరమ్మ నేల మీద బూటుతో తట్టి చూసింది.

"ఈ మట్టి కొత్తగా తవ్వినట్టుందే?"

అమ్మ దుంప చెక్కు తీస్తూనే ఉంది.

"ఏమ్మా, నిన్నే. ఎందుకు తవ్వారు?"

అమ్మ నోరు తెరవబోయింది. ఆ ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. నేనాగలేదు.

"ఇక్కడ పువ్వు ఎప్పుడూ లేదండీ" అన్నాను. "ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను. ఈ మలుపు నుంచి అటంతా ఉత్త రాళ్ళే. పువ్వు ఇటు వైపే, పడమర వైపే."

ఇంజనీరమ్మ మలుపు అవతలికి తొంగి చూసింది. గోధుమరంగు మన్ను. నా ఆకుపచ్చ కోటు వైపు చూసింది. ఆవిడ మొహం తేటపడింది. అటు దిగక్కర్లేదు కదా! రాళ్ళ మీద కాగితం పెట్టుకుని గబగబా రాసింది.

"సంఘం మనిషి చెబితే ఇక చూసేదేముంది. ఇక్కడ సంతకం పెట్టమ్మా."

పెట్టాను. చదవలేదు. అయిదేళ్ళుగా అర్జీలు రాసి, పత్రికలవాళ్ళతో మాట్లాడి, విద్యార్థులకు పాఠాలు చెప్పిన ఈ సబీనా కాగితం చదవకుండా సంతకం పెట్టింది. పైనున్న జనాన్ని బుద్ధిహీనులన్న నోరు ఇదే.

అమ్మ కత్తి ఆపి నా వంక చూసింది. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

పడమటి వాలులో గుర్తు పెట్టిన గుడిసెలు తర్వాతి వారం పీకేశారు. మా సంఘంలో ఆడవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. సరిగ్గా పదిహేను రోజులకు అపారిసియో మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో తీపి రొట్టెల సంచీ, మొహం నిండా పళ్ళు.

"సబీనమ్మా, నీ చేతికి గాజులు తొడగాలమ్మా! ఎంత చల్లని సంతకం!"

"ఏ సంతకం?"

జేబులోంచి కాగితం నకలు తీసి చదివాడు. తూర్పు వాలులో వృక్షజాలం ఏనాడూ లేదని కాపలా సంఘం ధ్రువీకరించినందున, ఆ వాలు రక్షిత ప్రాంతంలోకి రాదు. కింద నా పేరు, నా అక్షరాలు, నా గుండ్రటి సున్నా చుట్టిన సంతకం.

"మొత్తం వాలు" అన్నాడు అపారిసియో పారవశ్యంతో. "ఇన్నేళ్ళూ దొంగలా గీశాను గీతలు. ఇప్పుడు కాగితముంది. నీకో మూల స్థలం పక్కన పెట్టానమ్మా, ఊరికే."

రొట్టెల సంచీ వాడి మొహానే కొట్టాను. వాడు నవ్వుతూ ఏరుకున్నాడు. అలాంటివాడికి అవమానం కూడా ఖర్చులో జమ.

మర్నాడే ఇంజనీరమ్మ ఆఫీసుకు వెళ్ళి నేను అబద్ధమాడానని చెప్పాను. కిటికీ వెనక ఉన్నవాడు, అబద్ధమాడినట్టు మళ్ళీ సంఘం తీర్మానం తెమ్మన్నాడు. సంఘం ఆడవాళ్ళు నా మొహాన ఉమ్మెయ్యలేదు గానీ కోటు విప్పి ఇమ్మన్నారు. ఇచ్చేశాను.

పడమట పీకేసిన గుడిసెలన్నీ తూర్పున లేచాయి. వాటికి మూడింతలు కొత్తవి కూడా. జూలై చివర తూర్పు వాలులో పువ్వు వచ్చింది. ఈసారి ఎవరూ మరుగునీళ్ళు పొయ్యలేదు. భయమేముంది, కాగితముంది. దాని మీదే చెక్కలు పరిచారు. ఒకావిడ నాలుగు కోసి సీసాలో పెట్టుకుంది, బాగున్నాయని. ఆగస్టులో ఆ వాలు నుంచి బురద మా వీధిలోకి మెట్ల మీదుగా కాలవలా దిగింది. గడ్డి వేళ్ళు పట్టి ఉంచినన్నాళ్ళూ ఆ మట్టి అక్కడ ఉందని కూడా మాకెవరికీ గుర్తు లేదు.

మారిబెల్‌కి ఆడపిల్ల పుట్టింది, పొట్టిగా, గట్టిగా, నోరున్న పిల్ల. నెల తిరగ్గానే విల్బెర్ అందర్నీ పైకి తీసుకుపోయాడు. అప్పటిదాకా ఆదివారాలు వాడి పేరుకు పలుకుతూ అమ్మే పైన ఉంది. ఇక దిగొస్తుంది కదా అని తీసుకురావడానికి వెళ్ళాను.

అమ్మ చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడిసె ముందు కూర్చుంది. ఎదురుగా తూర్పు వాలు, రేకులూ చాపలూ నీలం డ్రమ్ములూ.

"పద అమ్మా. ఇంటికి పోదాం."

"ఇక్కడే ఉంటా."

"ఇక్కడా? కాలు పెట్టనన్నావు కదా."

"పెట్టాగా."

"నా మీద కోపమా?" అన్నాను. "నీ కోసమే కదా అబద్ధమాడాను. నిన్ను ఆవిడ అడుగుతుంటే చూడలేక..."

"నా కోసమా?" అమ్మ చంటిదాని దుప్పటి సర్దింది. "నేను బంగాళదుంపలు నాటుదామని తవ్వానని చెప్పేదాన్ని. నమ్మితే నమ్మేది. నమ్మకపోతే గుడిసె పీకించేది. పీకిస్తే ఏమయ్యేది?"

"వీళ్ళు..."

"వీళ్ళు మళ్ళీ కిందికొచ్చి నీ పక్కన పడుకునేవాళ్ళు. అంతేగా?"

నేను తల తిప్పి ఎదుటి రేకుల వైపు చూశాను.

"దానికోసం వాలంతా రాసిచ్చావే" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. చంటిది ఏడిస్తే భుజానికెత్తుకుని లోపలికి వెళ్ళింది.

దారి పొడుగునా అది నిజం కాదని చెప్పుకుంటూ దిగాను. అపారిసియోను తిట్టాను, ఇంజనీరమ్మను తిట్టాను, తమ్ముణ్ణీ వాడి పిల్లల్నీ తిట్టాను. ఇంటికొచ్చి తాళం తీశాను. రెండు గదులు. ఒక్క మనిషీ లేడు. మంచాన్ని గోడ దగ్గర్నుంచి గది నడి మధ్యకు లాగి, దుప్పటి దులిపి వేసుకుని, కాళ్ళు బార్లా చాపి పడుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ రోజు నాకు హాయిగా నిద్ర పట్టింది.